రోడ్డు లేని అడవి కొర్కొవాడో

కోస్టారికా దేశంలో, పసిఫిక్ తీరాన ఓసా ద్వీపకల్పం ఉంది. అక్కడిదే కొర్కొవాడో జాతీయవనం. లోపలికి రోడ్డు లేదు. ఎక్కువమంది పడవలో వెళ్తారు, లేదా ఒడ్డు వెంట గంటల తరబడి నడుస్తారు. అదీ సముద్రం పోటు మీద లేనప్పుడే.

ఒడ్డున బాదం చెట్లుంటాయి. అవును, మన వీధుల్లో నీడనిచ్చే ఆ బాదమే! కాయల కోసం ఎర్రటి మకా చిలుకలు జంటలుగా వాలతాయి. లోపల నాలుగు రకాల కోతులు. పొట్టి తొండంతో ఆకులు మేసే టాపిర్. ఎంత సాధువైన జీవమో! వనంలోని సిరేనా నది మొగలో మాత్రం మొసళ్ళు, సొరచేపలు రెండూ తిరుగుతాయి.

1975లో దీన్ని జాతీయవనం చేశారు. అయినా బంగారం కోసం ఏటి ఇసుక తవ్వేవారి బెడద పోలేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: రోడ్డు లేదు, గైడు లేకుండా ప్రవేశమూ లేదు. ఈ కట్టడి ఆ అడవికి చాలా అవసరం.