పాత ఇంటికి కొత్త గది



మన దగ్గర పాత ఇళ్ల మాట వచ్చిందంటే అది కూల్చివేత మాటే అయి ఉంటుంది. పొక్లెయిన్ వచ్చి గేటు ముందు నిలబడ్డాక పత్రికలు రాస్తాయి, సంఘాలు ధర్నా చేస్తాయి, ఎవరో ఒకరు హైకోర్టుకు వెళ్తారు. ఆ పోరాటాలు అవసరమే, వాటిని తక్కువ చేయను. అయితే నేను చూసినంతలో పాత ఇళ్లు చాలావరకు అంతకు ఎన్నో ఏళ్ల ముందే పోతున్నాయి. ఒక ఏడాది కిటికీ పోతుంది. తర్వాత అరుగు పోయి దాని చోట షట్టరు వస్తుంది. అన్నదమ్ముల పంపకాల్లో మండువా మధ్య గోడ లేస్తుంది. వాన కురిసే చోటు మీద స్లాబు పడి హాలవుతుంది. పొక్లెయిన్ వచ్చేనాటికి కాపాడమని అడగడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగలదు. అందుకే ఈ రోజు మార్పుల గురించి, చేర్పుల గురించి మాట్లాడతాను. పాత ఇంటికి కొత్త గది వేసుకునే మనిషి ముందుగా ఊళ్లో ఒకరిని అడగాలి. అడిగితే చెప్పగలిగినవాళ్లు ఆ ఊళ్లోనే ఉండాలి. చెప్పినదానికి కట్టుబడినందుకు ఆ మనిషికి ఊరు కొంత సాయం చేయాలి. నా వాదమంతా ఇదే.

ముందు గోడ దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది. మన పాత ఇళ్ల గోడలు ఇటుకతోనో రాయితోనో, డంగు సున్నంతో కట్టినవి. వాటికి పునాదిలో తేమను ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూత గుండా బయటికి వచ్చి ఆవిరైపోతుంది. వందేళ్లు ఆ గోడ నిలిచింది ఆ రాకపోకల వల్లే. అక్కడక్కడా పెచ్చులు ఊడుతున్నాయని మనం మేస్త్రీని పిలుస్తాం. ఆయనకు తెలిసింది సిమెంటు, కాబట్టి సిమెంటు ప్లాస్టరు చేస్తాడు. చెమ్మకు దారి మూసుకుపోతుంది. అది గోడలోనే ఇంకా పైకి పాకుతుంది. దానితోపాటు వచ్చిన లవణాలు ప్లాస్టరు వెనక స్ఫటికాలుగా మారి ఇటుక ముఖాన్ని పొడి చేస్తాయి. నాలుగైదు వర్షాకాలాలు గడిచేసరికి సిమెంటు పలకలు పలకలుగా ఊడిపడుతుంది, దానితోపాటు ఇటుక కూడా వస్తుంది. అప్పుడు యజమాని, పాత ఇల్లు కదా, బలం అయిపోయింది అనుకుంటాడు. బలం తీసింది మరమ్మతేనని ఆయనకు చెప్పేవాళ్లు ఉండరు.

పైకప్పు కథ కూడా ఇంతే. మద్రాసు మిద్దెలో టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా పేర్చి, ఆ పైన సున్నపు కాంక్రీటు వేసి, గచ్చు చేసేవారు. ఆ పైపూతను ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉండాలి. చూసుకోవడం మానేశాక కారుతుంది. కారితే పైన మరో పొర, అదీ కారితే ఇంకో పొర, చివరికి ఒక మూల నీళ్ల ట్యాంకు. బరువంతా దూలాల మీద. గోడలో దిగిన దూలం కొసలు చెమ్మకు అప్పటికే కుళ్లుతూ ఉంటాయి. కుళ్లిన కొస వరకే కోసి అతుకు వేయవచ్చు. ఆ పని తెలిసిన వడ్రంగులు ఇంకా ఉన్నారు. కాని ఇంటికి వచ్చే సలహా ఒక్కటే: పీకేసి స్లాబు వేసుకోండి.

ఇంటాయన కోరికల్లో తప్పేమీ లేదని కూడా ఇక్కడే చెప్పాలి. పడకగదికి ఆనుకుని బాత్రూము కావాలి. పెళ్లైన కొడుక్కి ఒక గది కావాలి. ఏసీ కావాలి, కారు నిలుపుకునే చోటు కావాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ పెరటి దొడ్డికి నడిచి వెళ్లాలని వారసత్వం పేరిట కోరే హక్కు ఎవరికీ లేదు. ఆ బాత్రూము ఎక్కడ కట్టాలి, ఏ గోడకు బొక్క పెట్టవచ్చు, ఏ గోడ బరువు మోస్తోంది, కొత్త గదిని వెనక్కి జరిపితే వీధివైపు ఇల్లు చెక్కుచెదరకుండా ఉంటుందా: ఇవన్నీ జవాబున్న ప్రశ్నలే. జవాబు దొరికే చోటు లేదు.

అలాంటి చోటును చాలా ముందుగా ఏర్పాటు చేసుకున్న ఊరు అమెరికాలోని చార్ల్‌స్టన్. దక్షిణ కరోలినా రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున ఉంది. అక్కడి ఇళ్ల వాటం మనకు చప్పున నచ్చుతుంది. ఇల్లు ఒక గది వెడల్పే ఉంటుంది. సన్నని పక్క వీధికి, పొడుగు పక్క ఇంటి పక్కనున్న తోటవైపు, ఆ పొడుగునా సముద్రపు గాలి పట్టే వసారా. 1920లలో ఆ ఇళ్లకు రెండు వైపుల నుంచి ముప్పు వచ్చింది. కొన్ని పెట్రోలు బంకుల కోసం కూలాయి. కొన్నింటి చెక్కపనిని, ఇనుప అల్లికలను ఊడదీసి బయటి ఊళ్ల మ్యూజియంలకు, సంపన్నులకు అమ్ముకున్నారు. 1920లోనే సుసాన్ ప్రింగిల్ ఫ్రాస్ట్ అనే ఆవిడ చొరవతో పాత నివాసాల రక్షణకు ఒక సంఘం పుట్టింది. 1931లో నగరపాలక మండలి ఒక శాసనం చేసింది. పాత పేటకు హద్దులు గీసి, ఆ హద్దుల్లోపల ఇంటి బయటి రూపాన్ని మార్చే పని ఏదైనా సరే ముందుగా ఒక సమీక్షా మండలికి చూపించాలని నియమం పెట్టింది. అమెరికాలో ఈ తరహా నగర శాసనం అదే మొదటిది.

మన వాళ్లు గమనించవలసిన సంగతి ఒకటి అందులో ఉంది. ఆ మండలికి మొదట్లో కూల్చివేతను ఆపే అధికారం లేదు. కొంతకాలం వాయిదా వేయించే అధికారం 1959లో వచ్చింది. ఏకంగా కాదనే అధికారం 1966లో వచ్చింది. ఈ లోపు పెద్ద కట్టడాలే పోయాయి. ఆ ఊరికి పేరు తెచ్చిన చార్ల్‌స్టన్ హోటల్‌ను 1960లో కూలగొట్టారు. అయినా ఆ మూడున్నర దశాబ్దాలు వృథా కాలేదు. కిటికీ తలుపులు, మెట్లు, వసారా స్తంభాలు, ప్రహరీ, వెనక వేసే గది, వీటి గురించి సభలో కూర్చుని నక్షా ముందు పెట్టుకుని మాట్లాడుకోవడం ఊరికి అలవాటైంది. ఉన్నదాన్ని ఉన్నట్టుగా బాగుచేసుకునే చిన్న పనులను అక్కడ ఉద్యోగుల స్థాయిలోనే తేల్చేస్తారు. పెద్ద మార్పయితే ముందు ఆలోచన చూపించాలి, తర్వాత నక్షా, ఆ తర్వాత తుది వివరాలు. పక్కింటివాళ్లు వచ్చి మాట్లాడవచ్చు. కూల్చివేతను కాదనే బలం చేతికి వచ్చేనాటికి, దాన్ని ఎలా వాడాలో తెలిసిన ఊరు సిద్ధంగా ఉంది.

మనం ఇంచుమించు ఎదురుదిశలో నడిచాం. దేశంలో ముంబయి 1995లో వారసత్వ నిబంధనలు తెచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే హైదరాబాదుకు అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ హుడా జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన వచ్చింది. కాగితం మీద అది చాలా గట్టిది. జాబితాలోని కట్టడానికి చేర్పులు, మార్పులు, మరమ్మతులు, ప్లాస్టరింగు, చివరికి రంగు వేయడానికి కూడా ముందస్తు అనుమతి కావాలన్నది. వారసత్వ పరిరక్షణ సంఘం సలహా తీసుకుని హుడా ఆ అనుమతి ఇవ్వాలి. 1998లో జాబితా ప్రకటించారు. దేవిడీలు, బంగళాలు, సొంత నివాసాలు అందులోకి వచ్చాయి. దాన్ని రాసినవారికి, జాబితా కోసం గల్లీ గల్లీ తిరిగినవారికి ఈ నగరం రుణపడి ఉంది.

కాని జాబితాలో ఇంటి పేరెక్కిన కుటుంబానికి ఏం దక్కింది? పక్క స్థలంలో అయిదంతస్తులు లేస్తుంటే వీళ్ల ఇంటికి ఆంక్షలు వచ్చాయి. సున్నపు పని తెలిసిన మేస్త్రీ చిరునామా రాలేదు, ఖర్చులో వాటా రాలేదు, పన్నులో చెప్పుకోదగ్గ ఊరట రాలేదు. కట్టుకోలేకపోయిన అంతస్తులకు బదులు అభివృద్ధి హక్కులను వేరేచోటికి బదిలీ చేసుకునే వీలు ముంబయి నిబంధనల్లో ఉంది. అలాంటి పరిహారం సామాన్యుడి చేతికి సులువుగా అందాలంటే ఆ దరఖాస్తును చేయి పట్టుకుని నడిపించే కార్యాలయం కావాలి. అది లేనిచోట యజమానికి జాబితా శిక్షలా కనిపించింది. రాత్రికి రాత్రి కిటికీలు మార్చేసినవాళ్లను, పైకప్పు కారుతుంటే చూస్తూ ఊరుకున్నవాళ్లను నేను సమర్థించను. వాళ్లను అక్కడికి నెట్టిన పరిస్థితిని మాత్రం మనం ఒప్పుకోవాలి.

2015 డిసెంబరులో ఆ 13వ నిబంధననే తొలగించారు. 2017లో తెలంగాణకు వారసత్వ చట్టం వచ్చింది. 2019లో కొత్త శాసనసభ కోసం ఎర్రమంజిల్‌ను కూల్చాలని మంత్రివర్గం నిర్ణయించింది. అది నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ తన నివాసంగా కట్టించుకున్న భవనం. ఆయన వారసులు, నగర ప్రేమికులు కోర్టు మెట్లెక్కారు. ఆ ఏడాది సెప్టెంబరులో హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఆ తీర్పు నాకు ఎంతో సంతోషం ఇచ్చింది. అయితే ఒక కిటికీ కోసం ఎవరూ హైకోర్టుకు వెళ్లరు, వెళ్లలేరు. అరుగుల, కమానుల స్థాయిలో జరిగే నష్టానికి మందు వార్డు స్థాయిలోనే దొరకాలి.

మనకు దగ్గరలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. పుదుచ్చేరిలో వైశ్యాల్ వీధి. మన యానాం కూడా ఆ పాలనలోదే కాబట్టి ఈ ఊరు మనకు పరాయిది కాదు. అక్కడి తమిళ ఇళ్లకు వీధివైపు అరుగు, దాని ముందు స్తంభాల పందిరి ఉంటాయి. ఒక ఇంటి పందిరి పక్కింటి పందిరితో కలిసి వీధంతా ఒకే వరసగా సాగుతుంది. నడుమ ఒక ఇల్లు అరుగు తీసేసి ముందుకు జరిగితే వీధి మొత్తం పళ్లూడిన నోరులా అవుతుంది. 2000 తర్వాతి సంవత్సరాల్లో వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ చొరవతో, ఐరోపా సమాఖ్య సాయమందిన ఒక పథకం కింద ఆ ఇళ్ల ముందుభాగాలను బాగుచేశారు. ఖర్చులో కొంత పథకం భరించింది, కొంత యజమానులు పెట్టుకున్నారు. 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారాల్లో ఆ వీధికి గుర్తింపు వచ్చింది. యజమాని కూడా డబ్బు పెట్టాడు కాబట్టి ఆ పని తనదని అనుకున్నాడు. నాకు అన్నిటికంటే విలువైన విషయం అదే.

కొత్త గది ఎలా ఉండాలన్నదానికి ప్రపంచంలో పెద్ద తగువు లేదు. 1964 నాటి వెనిస్ ఒప్పందపత్రం, తర్వాత అమెరికా ప్రభుత్వం రాసుకున్న ప్రమాణాలు ఇంచుమించు ఒకటే చెబుతాయి: కొత్తది కొత్తదని తెలియాలి, పాతదానితో పొందిక ఉండాలి. నా మాటగా మూడు చేరుస్తాను. చేర్పు వెనకవైపు ఉండాలి, పాత కప్పు కంటే ఎత్తు తక్కువ ఉండాలి, రేపు తీసేయాలనుకుంటే పాత గోడకు దెబ్బ తగలకుండా తీయగలగాలి. పాత కమానును పగలగొట్టి, అలాంటిదే సిమెంటులో పోతపోసి, అది కూడా వారసత్వమే అనడం నాకు సమ్మతం కాదు. నిరాడంబరమైన కొత్త గది దానికంటే ఎంతో నిజాయితీ గలది.

ఇంకొక హెచ్చరిక. చార్ల్‌స్టన్ మండలి గోడలను కాపాడింది, ఆ గోడల మధ్య బతికినవాళ్లను కాపాడలేదు. ఆన్సన్‌బరో అనే పేటలో 1959 తర్వాత ఒక ఫౌండేషన్ పాత ఇళ్లను కొని, బాగుచేయించే షరతు మీద అమ్మింది. ఆ డబ్బుతో మళ్లీ ఇళ్లు కొంది. పని అద్భుతంగా సాగింది, ఇళ్లు నిలిచాయి, ధరలు పెరిగాయి. అక్కడ అద్దెకుంటున్న నల్లజాతి కుటుంబాలు చాలావరకు ఖాళీ చేయవలసి వచ్చింది. మన పాతబస్తీలోను, వరంగల్‌లోను, బందరులోను పాత ఇళ్లలో ఉన్నది చాలావరకు సామాన్యులే. సమీక్ష ఖర్చును వాళ్ల నెత్తిన పెడితే మనం మంచి గోడలను మాత్రమే దక్కించుకుంటాం.

కాబట్టి నగరపాలక సంస్థల కమిషనర్లకు నా విన్నపం. రాష్ట్రమంతటికీ పెద్ద జాబితా తయారయ్యేవరకు ఆగకండి. మీ ఊళ్లో ఒక్క పాత వీధిని ఎంచుకోండి. ఒక ఇంజనీరును, ఒక వాస్తుశిల్పిని, సున్నపు పని తెలిసిన ఒక మేస్త్రీని, ఆ వీధి నుంచి ఇద్దరిని కలిపి చిన్న సంఘం వేయండి. నెలకొక రోజు వార్డు కార్యాలయంలో కూర్చోబెట్టండి. సలహా ఉచితంగా ఇవ్వండి, జవాబుకు గడువు పెట్టండి, మాట విన్న ఇంటికి ఆస్తిపన్ను తగ్గించండి. కాదనే అధికారం తర్వాత సంపాదించుకోవచ్చు.

పాత ఇళ్లున్నవారికి ఒక్క మాట. మేస్త్రీని పిలిచే ముందు ప్రతి గదినీ ఫొటోలు తీసి, కొలతలు రాసి పెట్టుకోండి. తీసేసిన తలుపులను, దూలాలను కట్టెల అడితికి పంపకండి. పాత గోడ మీద సిమెంటు వేయనివ్వకండి.