దినమునకు ఒక పుట

(వేసవి సెలవుల తొలి ఆదివారమున మన సంఘ భవనమునందు బాలబాలికలను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగము)



ఈ సభకు ముందు మేము ఒక పని చేసితిమి. ఈ భవనపు వెనుకగదిలోనున్న పుస్తకముల బీరువా తాళపుచెవికొరకు వెదకితిమి. గంటసేపు వెదకిన పిమ్మట అది జమాఖర్చుల పెట్టెలో దొరికినది. తలుపు తెరువగానే పాత కాగితముల వాసన, కలరా ఉండల వాసన కలిసి వచ్చినవి. లోపల బైండు చేయించిన చందమామలు, అట్టలూడిన నవలలు, రెండు పెద్దబాలశిక్షలు ఉన్నవి. పుస్తకములు ఇచ్చిపుచ్చుకొన్న చిట్టాలో చివరి సంతకము పడి పదకొండేండ్లయినది. ఆ తాళము వేసినవారము మేమే. పుస్తకములు పోవునేమో యని వేసితిమి. పుస్తకములు పోలేదు, చదువువారే పోయిరి.

కనుక పిల్లలకు హితబోధ చేయుటకు నేడు మాకంత అధికారము లేదు. ముందు పెద్దలతోనే మాటలాడెదము.

మన యిండ్లలో తెలుగు మాటకు లోటు లేదు. వంటింటిలో తెలుగు, పెండ్లిపందిటిలో తెలుగు, అన్నదమ్ముల తగవులోను తెలుగే. కాని బంధువుల యింటినుండి శుభలేఖ వచ్చినయెడల బిడ్డ దానిని అవ్వ చేతికిచ్చి "ఏమి వ్రాసినారవ్వా?" అని అడుగుచున్నాడు. అవ్వ ఉన్నంతకాలము చదివి చెప్పును. ఆ తరువాత?

కారణము అందరెరిగినదే. 2006లో తమిళనాట తమిళ విద్యా చట్టము వచ్చినది. ఆ యేటి ఒకటవ తరగతితో మొదలై ఏటికొక తరగతి చొప్పున పైకి ప్రాకి 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. దానిపై చేయవలసిన విన్నపములు సంఘములు చేయుచునే యున్నవి, అది వేరు సంగతి. తమిళము నేర్చుటకు మనకెన్నడును అభ్యంతరము లేదు. మనకు అన్నము పెట్టిన నేల భాష అది. కాని బడిలో జరుగని పని ఇంటిలోనైనను జరుగవలెను గదా.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినదియు కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితములో ఎక్కువ భాగము గడపిన పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో చేరినది. పంతులుగారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము పోయిరి. ఊరిలోని తెలుగువారందరును అట్లు విడిచిపోగలరా? ఉన్నచోటనే ఉండి బిడ్డలకు తెలుగు నేర్పుకొనవలసివచ్చినది. పుస్తకపు భాష జనులు మాటలాడు భాషకు దగ్గరగా నుండవలెనని పోరాడిన మహనీయుడాయన. మేమిప్పుడు చదువుచున్న ఈ ప్రసంగపు భాష విన్నచో నవ్వుదురేమో! ఆయన వాదించినట్టి భాషలోనే నేడు పిల్లల పుస్తకములు వచ్చుచున్నవి గనుక మన బిడ్డలకు మేలే జరిగినది.

తమిళ అక్షరములు వచ్చిన బిడ్డ తెలుగు చదువుచు ఎక్కడ ఆగునో మేము కూర్చుండి గమనించితిమి. తమిళమున అచ్చులు పన్నెండు, హల్లులు పదునెనిమిది. మన క, ఖ, గ, ఘ లకు అక్కడ ఒకే అక్షరము. కావున ఈ అక్షరములన్నియు బిడ్డకు కొత్త, కాని అవి త్వరగానే పట్టుబడును. బిడ్డ నిలిచిపోవునది వత్తులకడ. తమిళమున హల్లుమీద చుక్క పెట్టి తరువాతి అక్షరమును ప్రక్కనే వ్రాయుదురు. మనము క్రింద వ్రేలాడగట్టుదుము. అమ్మ, అక్క, అత్త, అన్నము అని దినమునకు వందసార్లు పలుకు మాటలే కాగితముమీద అపరిచితములుగా కనబడును. అందుచేత గుణింతములు వచ్చిన వెంటనే ఇంటి మాటలతోనే వత్తులు నేర్పవలెను. నోటికి వచ్చిన మాట కంటికి అందుటకు ఎక్కువ కాలము పట్టదు.

బళ్లారి, కోలారు పిల్లలకు ఈ బాధ తక్కువ. కన్నడలిపియు మన లిపియు ఒక తల్లి బిడ్డలు. తలకట్టు తేడా తెలిసిన చాలును. షోలాపురపు బిడ్డకు దేవనాగరి వలన వర్గాక్షరముల వరుస ముందే తెలియును, రూపములు మాత్రము నేర్వవలెను. యానాము పిల్లలకు బడిలోనే తెలుగు గలదు. వారికి కొరత పాఠ్యపుస్తకము వెలుపలి పుస్తకమే.

మేము కోరునది దినమునకు ఒక పుట. పావుగంట పని. దీనిని మా యింటిలో మొదలుపెట్టి మేమే తొలుత చెడగొట్టితిమి. మనుమనిచేత ఒక శతకము చదివించుచు తప్పు పలికినప్పుడెల్ల ఆపి దిద్దితిమి. నాలుగవ దినమున వాడు పుస్తకము మూసి దిండు క్రింద దాచినాడు. పిదప పద్ధతి మార్చితిమి. పుస్తకము వానినే ఏరుకొమ్మంటిమి. వాడు ఒక పుట చదువును, మేము రెండు పుటలు చదివి కథ మంచి పట్టులో నున్నప్పుడు ఆపుదుము. తప్పులు దిద్దుట మానితిమి. పదవ దినమున మేము భోజనము ముగించి వచ్చుసరికి తరువాతి పుటలు వాడే చదివివేసినాడు. "ఇంత ఆలస్యము చేసినారేమి తాతా?" అని మమ్మే గద్దించినాడు. శతకము మంచిది కాదని మేము అనుట లేదు, దాని వేళ తరువాత వచ్చును.

ఏరుకొనుటకు పుస్తకములున్నవా యందురా? కొల్లలుగా నున్నవి. చందమామ 1947 జులైలో తెలుగున, తమిళమున ఒకేసారి చెన్నపట్టణములో పుట్టినది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారి 'బాల' పత్రిక 1945లో పుట్టినదియు ఆ పట్టణముననే. తెలుగు బాలసాహిత్యపు ఉయ్యాల ఈ తమిళదేశమున ఊగినదని మన బిడ్డలకు ఎవ్వరైనను చెప్పిరా? చందమామ ఇప్పుడు వెలువడుట లేదు, పాత సంచికలు మన బీరువాలో నున్నవి. ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగు ఉన్నాడు, వానికి బొమ్మలు వేసినవారు బాపుగారు. కొంచెము పెద్ద పిల్లలకు మొగలితుర్రునుండి లండనుకు బయలుదేరిన బారిష్టరు పార్వతీశము కలడు. రైలుపెట్టెలలో నడచిన జపానుదేశపు బడి కథ 'రైలుబడి' అను పేర తెలుగున దొరకును.

మరియొక సంగతి. "ఇది మన తెలుగు కాదు, అచ్చటి తెలుగు" అని మన పిల్లలు పుస్తకము ప్రక్కన పెట్టుట కలదు. అట్టివారికి నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారి 'పచ్చనాకు సాక్షిగా' ఇచ్చి చూడుడు. చిత్తూరు పల్లెల పలుకుబడి అది, సరిహద్దునకు ఈవల మన పెరటిలో వినబడునదియు ఇంచుమించుగా అదే. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మొరసునాటి మాటలోనే కథలు వ్రాసి అచ్చువేసినవారును ఉన్నారు. ఇక పై తరగతులవారు కి. రాజనారాయణన్‌గారి 'గోపల్ల గ్రామము' తమిళముననే చదువవచ్చును. తెలుగునాడు విడిచి దక్షిణమునకు వలసవచ్చిన కుటుంబముల కథ అది. వ్రాసినవారి యింటిభాష తెలుగే. మన తాతల కథ మనకు పొరుగుభాషలో దొరకుట చూచి నొచ్చుకొనవలెనో సంతోషింపవలెనో మాకింకను తేలలేదు.

కొనుటకు సొమ్ము చాలనివారికి నేషనల్ బుక్ ట్రస్టు, మంచి పుస్తకము వారి చిన్న పుస్తకములు తక్కువ వెలకు దొరకును. ప్రథం బుక్సువారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలను ఫోనులో ఉచితముగా చదువవచ్చును. ఫోను ఎట్లును పిల్లల చేతిలోనే యున్నది గదా. చెన్నపట్టణము పోవువారు ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయమును చూపి రండు. దేశమున అచ్చైన ప్రతి పుస్తకపు ప్రతియు 1955నుండి చట్టప్రకారము అచ్చటికి చేరవలెను, అందు తెలుగు పుస్తకములును గలవు.

పిల్లలారా, మీతో రెండే మాటలు. తెలియని మాట వచ్చినచో దాటిపొండు, కథ ఆగరాదు. మరునాడు అవ్వను అడుగుడు. ఆమెకు తెలిసియుండును, అడిగినందుకు మురిసిపోవును. నచ్చని పుస్తకమును సగములో విడిచి మరియొకటి తీసికొనుడు. అందు తప్పు లేదు, పెద్దలమును అట్లే చేయుదుము.

వచ్చే ఆదివారమునుండి ప్రతి ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు బీరువా తెరచియుండును. చిట్టా వ్రాయుటకు ఎనిమిదవ తరగతి ఆడపిల్లలు ఇద్దరు ఒప్పుకొన్నారు. ఒక్కొక్కరికి రెండేసి పుస్తకములు. తెలుగున సంతకము చేసి తీసికొనిపోవలెను, సంతకము వంకరగా నున్నను చెల్లును. చిరిగినచో జరిమానా లేదు, జిగురు మేమే తెచ్చెదము.