ఒకే వైరస్, వేర్వేరు ఫలితాలు



ఒకే తరగతిలో కూర్చుండి ఒకే పాఠం విన్న పిల్లలందరూ ఒకే విధంగా జవాబు వ్రాయరు. రోగక్రిమికి మానవ శరీరం ఇచ్చే జవాబు కూడా అటువంటిదే. ఇందుకు హెపటైటిస్‌-సి అను కాలేయ వ్యాధి ఒక నిదర్శనం. 1989లో గుర్తింపబడిన ఈ వైరస్ రక్తం ద్వారా సంక్రమిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సోకినవారిలో సుమారు 30 శాతం మంది ఆరు నెలలలోపు ఏ చికిత్సా లేకుండానే దానిని వదిలించుకుంటారు. మిగిలినవారిలో అది ఏండ్ల తరబడి నిలిచి, కొందరికి కాలేయం గట్టిపడుటకు, క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఈ భేదం దేనివలన?

1977, 1978 సంవత్సరాలలో ఐర్లండు దేశంలో ఆర్‌.హెచ్‌. నెగటివ్ రక్తం గల బాలింతలకు, తరువాతి కాన్పులోని శిశువు క్షేమం కోరి ఇచ్చిన యాంటీ-డి సూదిమందు ఈ వైరస్‌తో కలుషితమైనది. 1994లో గాని ఆ సంగతి వెల్లడి కాలేదు. బిడ్డను కాపాడవలసిన మందే తల్లికి రోగమైనది. పరీక్షలలో వైరస్ సోకిన ఆనవాళ్లు కనిపించిన 704 మందిలో 390 మంది రక్తంలోనే అది ఇంకను మిగిలి ఉన్నది. అందరూ స్త్రీలే, వ్యాధి మూలం ఒక్కటే. అయినను దాదాపు సగం మంది శరీరాలు దానిని తరిమివేసినవి.

శాస్త్రజ్ఞులు రోగనిరోధక జన్యువులను పరిశీలించారు. ఆరవ క్రోమోజోముపై గల హెచ్‌.ఎల్‌.ఏ. జన్యువులు, వైరస్ తునకలను కణం వెలుపల ఎత్తి చూపే ప్రోటీన్లను తయారుచేస్తాయి. వాటిని చూచియే టి-కణాలు శత్రువును పోల్చుకుంటాయి. ఈ జన్యువులు మనిషి మనిషికీ మారుతాయి. బి-27 అను రూపం గల ఐరిష్ స్త్రీలలో వైరస్ తొలగిపోవుట అధికంగా కనిపించినది. ఆ రూపం ఎత్తి చూపే తునక, వైరస్ సులభంగా మార్చుకొనలేని భాగంలోనిది. అదే బి-27 వెన్నెముక కీళ్ల వ్యాధి ముప్పును పెంచుతుంది. ఒకచోట మేలు చేసినది మరొకచోట కీడు చేయవచ్చును.

2009లో పందొమ్మిదవ క్రోమోజోముపై, ఐ.ఎల్‌.-28బి జన్యువు చెంత, ఒకే ఒక అక్షరభేదం బయటపడినది. తల్లి నుండి, తండ్రి నుండి వచ్చిన రెండు ప్రతులలోను అక్కడ ‘సి’ అక్షరం గలవారికి వైరస్ తానుగా తొలగే అవకాశం ఎక్కువ. నాటి ఇంటర్‌ఫెరాన్ చికిత్స కూడా వారికే బాగా పనిచేసినది. 2013లో ఆ ప్రక్కనే ఐ.ఎఫ్‌.ఎన్‌.ఎల్‌.-4 అను మరొక జన్యువు కనుగొనబడినది. విచిత్రమేమనగా, ఆ ప్రోటీను తయారగువారికే వైరస్‌ను వదిలించుకొనుట కష్టం. ఆ జన్యువు పనిచేయనివారికే మేలు.

మరి ఇది తలరాతయా? కాదు. జన్యువు అవకాశాన్ని సూచించునే గాని తీర్పు చెప్పదు. అనుకూల రూపం ఉండియు వ్యాధి నిలిచినవారున్నారు, లేకయు కోలుకున్నవారున్నారు. 2013 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన సోఫోస్బువిర్ వంటి మాత్రలు నేరుగా వైరస్‌పైననే పనిచేస్తాయి. ఇటువంటి మందులను జతగా వాడినచో 8 నుండి 12 వారాలలో 95 శాతానికి పైగా రోగులు, జన్యురూపం ఏదైనను, స్వస్థత పొందుతున్నారు. భారతదేశంలో 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమం క్రింద పరీక్ష, చికిత్స ఉచితం.

ఈ వ్యాధికి ఇంతవరకు టీకా లేదు. కనుక శుభ్రమైన సూది, పరీక్షించిన రక్తం, సకాలంలో రోగనిర్ధారణ — ఇవే రక్ష. రోగిని వేలెత్తి చూపుట అజ్ఞానం. పరీక్షకు తోడుగా వెళ్లుట విద్యకు ఫలం.