బిగిసిన బ్రేకులు
(సమాజ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సభలలో సామాన్యముగా కవిత్వమును గూర్చియో నాటకమును గూర్చియో ప్రసంగింతురు. ఈసారి కార్యదర్శిగారు నిత్యజీవితమున కుపకరించు విషయ మొకటి చెప్పుమని కోరిరి. నేను ఆర్ట్సు పట్టభద్రుడను. ఫైళ్లు నడుపుటయే గాని యంత్రములు విప్పుట నేర్చినవాడను కాను. అయినను పాత కార్లు కలవారు మనలో పలువురు కలరు. కావున బిగిసిపోయిన బ్రేకులను ఇంటివద్ద విప్పి బాగుచేసికొను విధమును గూర్చి, నేను స్వయముగా చేసి తెలిసికొనిన మేరకు, నాలుగు మాటలు మనవి చేయుదును.

కదలని కారు వలన ఎవరికిని అపాయము లేదు. ఆగని కారు వలన కలదు. ఆ ఆపుట యంతయు ఒక చిన్న సూత్రముపై ఆధారపడి యున్నది. మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకును సమముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రెంచి విద్వాంసుడు పాస్కల్ తెలియజేసెను. మనము కాలితో పెడలు నొక్కగా, ఆ ఒత్తిడి సన్నని గొట్టములలోని ద్రవము ద్వారా చక్రములకు చేరును. అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కంపెనీవారు 1921లో తమ కార్లకు నాలుగు చక్రములకును ఇట్టి ద్రవపు బ్రేకులను అమర్చిరి. డిస్కు బ్రేకునకు ఇంగ్లాండులో లాంచెస్టర్ 1902లోనే పేటెంటు పొందినను, 1953లో లెమాన్ పందెమున జాగ్వార్ కార్లు డిస్కు బ్రేకులతో గెలిచిన పిదపనే దానికి లోకమున ప్రసిద్ధి కలిగెను.

మన కలకత్తాకు సమీపమున, ఉత్తరపాడాలో 2014 వరకు తయారైన అంబాసిడరును ఎరుగనివారు మనలో లేరు. తొలినాటి అంబాసిడర్లకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. నేను 2008లో కొనిన మారుతి 800నకు ముందు చక్రములకు డిస్కు, వెనుక చక్రములకు డ్రమ్ము. చక్రముతోపాటు తిరుగు ఇనుప పళ్లెమే డిస్కు. దానిని ఇరుప్రక్కల పట్టి ఆపు పట్టుకారు వంటిది క్యాలిపర్. దానిలో ఒక పిస్టన్, పిస్టన్ చుట్టును ఒక చదరపు అంచుల రబ్బరు సీలు ఉండును. పెడలు నొక్కినపుడు పిస్టన్ ముందునకు జరుగును. దానితో సీలు కొంచెము వంగును. కాలు తీయగానే సీలు తన పూర్వరూపమునకు వచ్చుచు పిస్టనును వెంట్రుకవాసి వెనుకకు లాగును. ఆ వెంట్రుకవాసి ఎడమే చక్రమునకు స్వేచ్ఛ. పిస్టన్ తుప్పుపట్టిననాడు ఆ ఎడము పోవును. బ్రేకు పట్టినది పట్టినట్లే యుండును.

తుప్పు ఎట్లు వచ్చును? బజారులో దీనిని మనము "బ్రేక్ ఆయిల్" అందుము. పేరునకు నూనెయే గాని, మన కార్లలో వాడునది గుణమున నూనె కాదు. నూనె నీటిని దరిజేరనీయదు. ఈ ద్రవము గాలిలోని తేమను తనలోనికి పీల్చుకొనును. డాట్ 3 రకపు ద్రవము క్రొత్తగా ఉన్నపుడు 205 డిగ్రీల సెంటిగ్రేడువద్ద గాని మరుగరాదని నియమము. నూటికి నాలుగు పాళ్లకు లోపుగా నీరు చేరినంతమాత్రమున ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోవును. ద్రవము మరిగి ఆవిరియైనచో పెడలు మెత్తగా లోనికి పోవును, కారు ఆగదు. ఆ నీరే లోపలి లోహమును తినివేయును. ఆషాఢ శ్రావణములలో ఇనుపపెట్టెలోని బట్టలుకూడ చెమ్మగిల్లు ఈ నగరమున ఇక చెప్పవలసిన దేమున్నది? వీథులు నీట మునిగినపుడు బయటి రబ్బరు తొడుగు చిరిగియున్నచో వాననీరు నేరుగా పిస్టన్ చెంతకు చేరును.

2020 మార్చి 25న దేశమంతటను లాక్‌డౌను విధింపబడినది. మా కారు నెలల తరబడి కదలక నిలిచినది. పిమ్మట బయటికి తీసినపుడు బండి బరువుగా నడచినది, కుడివైపునకు లాగినది, రెండు మైళ్లు పోవునప్పటికి కుడి ముందు చక్రమునుండి మాడువాసన వచ్చినది. ఒక వర్క్‌షాపువారు రెండు క్యాలిపర్లును మార్చవలసినదే యనిరి. ఏల మార్చవలెనో చెప్పలేదు. మా వీథి చివర నున్న వృద్ధుడైన మిస్త్రీ మాత్రము, "దాదా, ముందు విప్పి చూడండి. చూడకుండా పారవేయకూడదు, చూడకుండా ఉంచుకోకూడదు" అనెను. ఆ ఒక్క వాక్యమే నేటి నా ప్రసంగమునకు సారాంశము.

ఆయన సమక్షమున జరిగిన పనిని క్రమముగా చెప్పెదను. బండిని చదునైన నేలపై నిలిపి, వెనుక చక్రములకు అడ్డుకట్టలు వేసి, ముందుభాగమును జాకీతో లేపి, ఇనుప స్టాండ్లపై నిలిపితిమి. ఇటుకలపై నిలుపుట ప్రాణాపాయము; అవి హఠాత్తుగా పగులును. చక్రము తీసినపిదప దుమ్మును నోటితో ఊదరాదు. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును; అది ఊపిరితిత్తులకు విషము. తడిగుడ్డతోనే తుడువవలెను.

తరువాత దోషమెక్కడనో నిర్ణయింపవలెను. పట్టుకొనియున్న చక్రమువద్ద గాలి తీయు మరను కొంచెము వదలుము. చక్రము వెంటనే విడివడినచో, ద్రవము వెనుకకు పోలేక నిలిచినదన్నమాట. దోషము లోపల వాచిన రబ్బరు గొట్టమునందో, పైనున్న మాస్టర్ సిలిండరునందో యుండును. విడివడనిచో పిస్టన్ గాని, క్యాలిపర్ జారెడి పిన్నులు గాని బిగిసినవి. మా బండికి పిస్టనే బిగిసినది.

బిగిసిన పిస్టనును వెలికితీయుటకు గాలిపంపు వాడినచో అది తూటావలె ఎగిరి వ్రేళ్లను నలుగగొట్టగలదు. గొట్టము ఊడదీయకముందే, ప్యాడ్లు తీసి, నడుమ కొయ్యముక్క నుంచి, నా శ్రీమతిని పెడలు మెల్లమెల్లగా నొక్కుమంటిని. నాలుగైదు నొక్కులకు పిస్టన్ వెలికి వచ్చినది. పాస్కల్ సూత్రమే సుత్తి చేయలేని పనిని చేసినది.

శుభ్రపరచుటకు పెట్రోలుగాని కిరసనాయిలుగాని ముట్టరాదు. ఖనిజపు నూనె తగిలినచో బ్రేకు రబ్బరు ఉబ్బి చెడును. మెథిలేటెడ్ స్పిరిటుగాని, క్రొత్త బ్రేకు ద్రవముగాని వాడవలెను. పాత సీలును కొయ్యపుల్లతో తీయవలెను. స్క్రూడ్రైవరు మొన గాడిని గీరును. ఇక నిజమైన పరీక్ష. పిస్టనుపై సీలు ఒరయుచోట గోరుతో తడిమి చూడవలెను. మరక మాత్రమే యైనచో తుడిచి వాడవచ్చును. గోటికి గుంట తగిలినచో, ఎంత నున్నగా రుద్దినను, అది పారవేయదగినదే. మా పిస్టనుపై రెండు గుంటలు కనబడినవి. సిలిండరు మాత్రము శుభ్రముగా నున్నది. మల్లిక్ బజారులో పాత విడిభాగములు చవుకగా దొరకును గాని, బ్రేకు విషయమున వాడివేసినదానిని కొనదలచలేదు. రెండువైపులకును క్రొత్త పిస్టన్లు, క్రొత్త సీళ్ల కిట్లు కొంటిని. ఒకవైపు క్రొత్తది, ఒకవైపు పాతది యైనచో బండి ఆగునపుడు ప్రక్కకు లాగు ప్రమాదము కలదు.

సీలును క్రొత్త ద్రవమున ముంచి గాడిలో కూర్చి, పిస్టనును వ్రేళ్లతోనే తిన్నగా లోనికి నెట్టితిమి. సుత్తి కావలసివచ్చిన దనిన ఏదియో వంకరగా కూర్చున్నదని యర్థము. పిన్నులకు బ్రేకులకై తయారైన సిలికాన్ గ్రీజు పూసి, గొట్టపు కీలువద్ద క్రొత్త రాగి వాషర్లు వేసి, మూతవిప్పని డబ్బానుండి ద్రవము పోసితిమి. తరువాత ఒకరు పెడలు నొక్కుట, ఒకరు మర వదలి బిగించుట. గాజుసీసాలోనికి బుడగలు వచ్చుట ఆగువరకు చేయవలెను. ద్రవము రంగుపై పడినచో రంగు లేచిపోవును. వెంటనే నీళ్లతో కడుగవలెను.

పెడలు రాయివలె గట్టిగా నిలిచినపిదపనే బండిని క్రిందికి దించితిమి. మిస్త్రీ స్వయముగా ప్రతి మరను చూచి, ఖాళీ వీథిలో మెల్లగా నడిపి ఆపి చూచెను. ఈ చివరి పరీక్ష తెలిసినవాని చేతనే జరుగవలెను. ఇంటివద్ద చేయుట యనగా ఒంటరిగా చేయుట కాదు. బండిలో కూర్చుండునది మన పిల్లలు. ఎదురుగా నడచునది పరుల పిల్లలు.

సోదరులారా, మధ్యతరగతివారమైన మనకు రెండు బలహీనతలు కలవు. ఒకరు చెప్పినంతనే బాగున్న వస్తువును పారవేయుదుము. లేదా పొదుపు పేరిట చెడిన వస్తువును పట్టుకొని వ్రేలాడుదుము. ఆ క్యాలిపరు నుంచుకొనుట మొదటిదానికి, ఆ పిస్టనును పారవేయుట రెండవదానికి సమాధానము. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనకుండుటకు ఉపాయములు సులభములే: రెండేండ్ల కొకసారి బ్రేకు ద్రవమును మార్చుడు, వానకాలము పోయినపిదప రబ్బరు తొడుగులు చూపించుడు, అవసరము లేకున్నను వారమున కొకసారి బండిని కొంతదూరము నడుపుడు. కదలికయే యంత్రమునకు ఆరోగ్యము.