మణికట్టు నుండి గుండెకు

మన పల్లె వైద్యుడు రోగి మణికట్టుపై మూడు వ్రేళ్లు మోపి నాడి చూచును. ఆ వ్రేళ్ల క్రింద కొట్టుకొనునది బొటనవ్రేలి వైపునకు పోవు ధమని. గుండె సంగతి చెప్పిన ఆ ధమనియే నేడు గుండెచికిత్సకు దారియైనది.

గుండె కండరమునకు రక్తమందించు ధమనులలో క్రొవ్వు పేరుకొనినచో ఛాతీనొప్పి పుట్టును; దారి హఠాత్తుగా మూసికొనినచో గుండెపోటు వచ్చును. 1977 సెప్టెంబరు 16న జూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రూన్‌ట్సిగ్ అను వైద్యుడు సన్నని గొట్టము చివర బుడగ నమర్చి, తొడ మొదటి ధమని గుండా పంపి, ఇరుకైన హృదయధమనిని విప్పెను. చిరకాలము తొడయే రాజమార్గముగ నుండెను. అయితే ఆ ధమని లోతైనది. లోపల రక్తము కారినను వెంటనే తెలియదు. రోగి కాలు కదపక గంటల తరబడి పండుకొనవలెను.

1989లో మాంట్రియల్ వైద్యుడు లూసియన్ కాంపో మణికట్టు ధమని గుండా హృదయధమనుల చిత్రములు తీయవచ్చునని ప్రకటించెను. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెర్డినాండ్ కీమెనెయ్ ఆ దారినే బుడగ చికిత్స చేసెను. ఈ ధమని చర్మమునకు దగ్గర, క్రింద ఎముక; పట్టీతో నొక్కినచో రక్తము నిలుచును. చిటికెనవ్రేలి వైపు ధమని అరచేతిని కాపాడుచుండును. 2015లో వెలువడిన మాట్రిక్స్ పరిశీలనలో, ఐరోపాలోని 8,404 మంది రోగులలో, మణికట్టు దారిని చికిత్స పొందినవారికి తీవ్ర రక్తస్రావమును మరణములును తక్కువగ నుండెను.

ధమని చీలిక యొద్ది పూడిక, సున్నముతో గట్టిపడిన పూడిక, ఏండ్లుగా మూసికొనిన దారి—ఇట్టి క్లిష్టమైన పనులకు ఈ సన్నని మార్గము చాలదని పలువురు తలచిరి. పలుచని గోడల గొట్టములు వచ్చిన పిదప, సున్నము నరగదీయు వజ్రపుపొడి పనిముట్టు సైతము దీని గుండా పోవుచున్నది. అయినను ధమని మరీ సన్నమైనను, మెలికలు తిరిగినను వైద్యుడు తొడ దారినే ఎన్నుకొనును.

సిరిసిల్ల మరమగ్గముల కార్మికునకు చేయి ఆడిననే ఇల్లు గడచును. తొడ గాయము లేకుండ త్వరగా లేచి నడచుట అతనికి చిన్న మేలు కాదు. కొన్ని దినములు ఆ చేతితో బరువెత్తకున్న చాలును. కాని ఛాతీ బరువెక్కి, చెమట పట్టి, నొప్పి ఎడమచేతికి ప్రాకినపుడు “వాయువు” అని సరిపెట్టుకొని పాళీ ముగియువరకు నిలుచుట ప్రాణాంతకము. రక్తమందని కండరము నిమిషనిమిషమునకు చచ్చుచుండును. చచ్చినది మరల రాదు.

పోగు తెగినచో మగ్గము నాపి అతుకుట నేతగానికి తెలిసిన విద్యయే. ఈ నొప్పికి సైతము వెంటనే మగ్గమాపి, 108కి కబురు పెట్టవలెను. దారి ఎంత సులువైనను, రోగి వేళకు చేరిననే వైద్యుని నేర్పు ఫలించును.