గిర్టన్ కళాశాల: ఒకే కొలత కోరిన స్త్రీలు
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ సమయములో మన ఆడపిల్లలకు అక్షరములు నేర్పిన పెద్దలను కృతజ్ఞతతో తలచుకొంటున్నాము. అటువంటి పని ఇంగ్లండు దేశములో ఎంత కష్టము మీద జరిగినదో చెప్పే ఒక చరిత్రను ఈ రోజు మీ ముందుంచుతాను. అది కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాల చరిత్ర.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 1209లో ఆరంభమైనది. ఆరు వందల యేండ్లు దాటినా అందులో స్త్రీలకు చోటు లేదు. ఎమిలీ డేవిస్ ఒక పాదిరిగారి కుమార్తె. అన్నదమ్ములకు దొరికిన చదువు ఆమెకు దొరకలేదు. బార్బరా బోడిషాన్ మొదలైన స్నేహితురాండ్ర సహాయముతో ఆమె 1869లో హిచిన్ అను ఊరిలో ఒక అద్దె ఇంట అయిదుగురు విద్యార్థినులతో కళాశాల ప్రారంభించినది. కేంబ్రిడ్జి నుండి అధ్యాపకులు రైలులో వచ్చి పాఠములు చెప్పేవారు. 1873లో కళాశాల కేంబ్రిడ్జికి రెండు మైళ్ల పైచిలుకు దూరములోని గిర్టన్ గ్రామానికి మారినది.

అప్పుడొక ప్రశ్న లేచినది. ఆడపిల్లలకు గ్రీకు, లాటిను ఎవరూ నేర్పలేదు గనుక వారికి వేరే పరీక్షలు పెడితే మంచిదని స్త్రీ విద్యను కోరిన వారిలోనే కొందరు అన్నారు. ఎమిలీ ఒప్పుకొనలేదు. వేరే పరీక్ష పెడితే దానిని తక్కువ పరీక్ష అనే లోకము ఎంచుతుందని ఆమె ఎరుగును. పురుషులు వ్రాసే పరీక్షనే, అదే గడువులో తన పిల్లలూ వ్రాయాలని పట్టుబట్టినది. 1873లోనే ముగ్గురు ఆనర్స్ పరీక్షలలో నెగ్గారు. 1880లో షార్లట్ స్కాట్ గణితములో ఎనిమిదవ స్థానానికి తగిన మార్కులు పొందినది. ఫలితాలు చదివేటప్పుడు ఆ స్థానములో వేరొకరి పేరు పిలువగా, సభలోని విద్యార్థులు ఆమె పేరే కేకవేశారు. మరుసటి సంవత్సరము స్త్రీలకు ఆ పరీక్షలు అధికారికముగా తెరువబడినవి.

అయినా పట్టా మాత్రము ఇవ్వలేదు. 1897లో ఈ విషయము ఓటుకు వచ్చినప్పుడు పట్టభద్రులు రైళ్లలో తరలివచ్చారు. 660 పైచిలుకు ఓట్లు అనుకూలముగా, 1,700 పైచిలుకు వ్యతిరేకముగా పడినవి. మన హైదరాబాదు బిడ్డ సరోజినీ నాయుడు నిజాము ఇచ్చిన ధనసహాయముతో వెళ్లి గిర్టన్‌లో చదివినది ఆ దశాబ్దములోనే. 1921లో స్త్రీలకు పేరుకు మాత్రమైన పట్టా దొరికినది గాని విశ్వవిద్యాలయములో సభ్యత్వము దొరకలేదు. పూర్తి హక్కు 1948లో వచ్చినది. అంటే 79 సంవత్సరములు! వాగ్దాన దేశమును దూరము నుండి చూచిన మోషే వలె, ఎమిలీ డేవిస్ 1921లోనే కన్ను మూసినది. ఆ కళాశాల 1979 నుండి మగపిల్లలను కూడా చేర్చుకొంటున్నది.

ప్రియులారా, తలాంతును భూమిలో పాతిపెట్టుట తప్పని మనకు తెలుసు. ఇతరుల తలాంతును పాతిపెట్టుట అంతకంటె పెద్ద తప్పు కాదా? మన సంఘములలో సండే స్కూలు నడిపేది, రోగులను దర్శించేది, చందాలు పోగుచేసేది ఎక్కువగా స్త్రీలే. పని ఇచ్చి, నిర్ణయము చేసే బల్ల యొద్ద కుర్చీ ఇవ్వకపోతే మనమూ పరీక్ష పెట్టి పట్టా ఇవ్వని వారమే. మన కుమార్తెలకు తక్కువ కొలత వద్దు. ఆలస్యమైన గౌరవమూ వద్దు. రాబోవు నూరేండ్లలో అట్టి న్యాయము చేయుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.