కోత ఒకనాడు, జాగ్రత్త జీవితాంతము

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమునకు విజ్ఞానము పంచిపెట్టుచున్న గ్రంథాలయపు రజతోత్సవమున ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పు అవకాశము నాకు లభించినందులకు కృతజ్ఞుడను.

ఒకప్పుడు పల్లెలలో తిండి చాలకపోవుటయే పెద్ద వ్యాధి. నేడు స్థూలకాయమును, దానిని వెన్నంటి మధుమేహమును మన గడప త్రొక్కినవి. బరువు తగ్గుటకై కడుపునకు శస్త్రచికిత్స చేయించుకొనువారు గ్రామములందును ఉన్నారు. తగినవారికి ఆ చికిత్స మేలు చేయుచున్నది. అయితే చేయించుకొన్న పిమ్మట ఏమి చేయవలెనన్నదే నేటి నా ప్రసంగ విషయము.

ఈ చికిత్సలలో రెండు ముఖ్యమైనవి. ఒకదానిలో ఆమాశయమును సుమారు నాలుగింట మూడు వంతులు కోసి తీసివేసి, మిగిలిన దానిని సన్నని గొట్టము వలె కుట్టుదురు. అమెరికాలో మేసన్, ఇటో అను వైద్యులు 1967లో ప్రకటించిన పద్ధతి నుండి పెరిగిన రెండవదానిలో, ఆమాశయపు పైభాగమున చిన్న సంచి నేర్పరచి, దానిని చిన్నప్రేవునకు దిగువగా కలుపుదురు. ఆహారము ప్రేవు మొదటి భాగమును తాకకయే ముందుకు పోవును. కాలువను దిగువకు మళ్ళించినచో ఎగువ మళ్ళు ఎండక తప్పదు గదా! ఇనుము, కాల్షియము ముఖ్యముగా ఆ మొదటి భాగముననే రక్తమున చేరును. బి12 విటమిను ఇముడుటకు ఆమాశయమున ఊరు ఒక ద్రవ్యము తోడు కావలెను. ఆ ఊటయు తగ్గిపోవును.

"ఆకుకూరలు, పాలు తీసికొనుచున్నాము, మాత్రలెందుకు?" అని కొందరడుగుదురు. తినగలిగినది కొంచెము, అందులో ఇమిడెడిది మరింత కొంచెము. కావున మాత్ర తప్పనిసరి.

ఇందులో గొప్ప మోసమొకటి కలదు. మన కాలేయము బి12ను గాదెలోని ధాన్యము వలె సంవత్సరముల తరబడి దాచియుంచును. రోగి బరువు తగ్గి, హాయిగా తిరుగుచు, "నాకేమి కొరత?" యని మాత్రలు మానును. గాదె మెల్లమెల్లగా ఖాళీయగును. కొన్నియేండ్లకు పాదములు తిమ్మిరెక్కును, నడక తూలును, జ్ఞాపకము తగ్గును. అప్పటికి చెడిన నరములు పూర్తిగా బాగుపడకపోవచ్చును.

బి1 విటమిను సంగతి వేరు. దాని నిలువ రెండు మూడు వారములకే చాలును. పూర్వము సర్కారు తీరమున మరబియ్యమే ఆధారముగా బ్రతికినవారికి బెరిబెరి వచ్చుటకు దీని కొరతయే కారణము. శస్త్రచికిత్సానంతరము వాంతులు ఆగనిచో ఈ నిలువ తరిగి, చూపు రెండుగా కనబడుట, అడుగులు తడబడుట, మతి చెదరుట సంభవించును. అట్టివారిని ఆనాడే ఆసుపత్రికి చేర్పవలెను. నీరసమనగానే గ్లూకోజు ఎక్కించుట మన పల్లెలలో అలవాటు. బి1 ఇవ్వక గ్లూకోజు మాత్రమే ఎక్కించినచో మెదడునకు హాని కలుగవచ్చును. కావున ఏ వైద్యుని వద్దకు పోయినను, "నాకు బరువు తగ్గు శస్త్రచికిత్స జరిగినది" అని మొదటనే చెప్పవలెను.

భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. అది రక్తహీనతకు దివ్యౌషధము. కాని బి12 కొరతయున్నవారు ఫోలిక్ ఆమ్లము మాత్రమే వాడినచో, రక్తము బాగుపడినట్లు కనబడుచుండగానే నరములు చెడుచుండును. సగము తెలిసి సొంత వైద్యము చేసికొనుట ప్రమాదమనుటకు ఇంతకు మించిన నిదర్శనము లేదు.

ఇక ఆచరణ. అన్ని విటమినులు గల మాత్ర ప్రతిదినము వేసికొనవలెను. కాల్షియము దినమునకు 1200 నుండి 1500 మిల్లీగ్రాములు, రెండు మూడు విడతలుగా తీసికొనవలెను. సిట్రేటు రూపము సులభముగా ఇముడును. ఇనుము మాత్రను కాల్షియముతో కలిపి మ్రింగరాదు. రెండు గంటల ఎడముండవలెను. టీ, కాఫీలతోను వేసికొనరాదు. ఋతుస్రావము గల స్త్రీలకు ఇనుము ఎక్కువ కావలెను. బి12ను దినదినము మాత్రగా గాని, నెలకొక సూదిమందుగా గాని వైద్యులు ఇత్తురు. ఎముకల బలమునకు డి విటమిను అవసరము. మొదటి యేడు కొన్ని పర్యాయములు, పిమ్మట ఏటేటా రక్తపరీక్ష చేయించవలెను. చికిత్స జరిగిన స్త్రీలు ఏడాది మొదలు ఏడాదిన్నర వరకు గర్భధారణను వాయిదా వేయుట మేలు. ఎవరికెంత మోతాదో వారి వైద్యుడే నిర్ణయింపవలెను.

కుటుంబములోని పెద్దలకు ఒక మనవి. కోడలో, కుమారుడో ఆరోగ్యముగా కనబడినంత మాత్రమున "ఇంకను మాత్రలకు డబ్బు తగులబెట్టుటెందుకు?" అనకుడు. పంట పచ్చగా నున్నదని నీరు కట్టుట మానుదుమా? శస్త్రవైద్యుని పని ఒక్కనాటితో ముగియును. మన పని జీవితాంతము సాగును. ఈ మాట ఒక్క ఇంటినైనను కాపాడినచో నా ప్రసంగము సార్థకమగును.